గల్లా వద్ద అడిగిన ధర్మము – ఆదాయపు పన్ను

(హెబ్బగోడిలో మన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు మమ్ము పన్నులను గూర్చి మాటలాడుమని కోరిరి. పన్నులన్న మాట వినగనే సభలో సగము మందికి నిద్రయు, తక్కిన సగము మందికి భయమును కలుగుట మే మెరుగని విషయము కాదు. కావున ఆ మహారణ్యమున దూరక, మనలో ప్రతి యింటివారికిని వారమున కొకసారియైనను ఎదురగుచున్న ఒక్క చిన్న సంగతిని మాత్రమే నేడు తీసికొనుచున్నాము.

హోసూరు రోడ్డు పొడవునను, బొమ్మసంద్ర మొదలు ఎలక్ట్రానిక్ సిటీ వరకును ఇప్పుడు పెద్ద పెద్ద దుకాణములు వెలసినవి. 2025 ఆగస్టులో మెట్రో రైలు మన ఊరిమీదుగా నడువసాగిన పిదప రాకపోకలు మరింత సులభమైనవి. ఇట్టి దుకాణములలో సరకులు గంపలో వేసికొని గల్లా వద్ద నిలిచినప్పుడు, లెక్క నాలుగువందల ఎనుబదియేడు రూపాయలైనదనుకొందము. అక్కడి అమ్మాయి, ఐదువందలుగా పూర్తి చేసి మిగిలిన పదమూడు రూపాయలను పేదపిల్లల భోజనమునకో, చదువునకో ఇత్తురా యని యడుగును. కొన్నిచోట్ల అడుగునది మనిషి కాదు, యంత్రము. ఫోనులో సరకులు తెప్పించుకొనువారికి అదే ప్రశ్న చిన్న గడి రూపమున తెరపై కనుపించును.

ఈ పదమూడు రూపాయలను గూర్చి మన వీధులలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. "మన సొమ్ము తీసికొనిపోయి కంపెనీవాడు తన పన్ను తప్పించుకొనును; మనమెందుకీయవలె?" అనునది మొదటిది. "ఇచ్చితిమి గదా, సంవత్సరాంతమున మన పన్ను తగ్గును" అనునది రెండవది. మొదటిది తప్పు. రెండవది చాలవరకు తప్పు. అయినను కొంత శ్రద్ధ వహించినచో దానిని నిజము చేసికొనవచ్చును.

పదమూడు రూపాయలకు ఇంత ప్రసంగమా యని మీరనవచ్చును. మొదటి మాటను నమ్మినవారు దుకాణము వద్దనే గాక, క్రమముగా అన్నిచోట్లను చేయి ముడుచుకొనుచున్నారు. రెండవ మాటను నమ్మినవారు కాగితము లేని దానమును పన్ను లెక్కలో వ్రాసి, నోటీసు వచ్చిన పిదప ఆడిటరు గుమ్మమెక్కుచున్నారు. అదియును గాక, ఈ సభలో గల్లాకు ఇవతల నిలుచువారే కాదు, అవతల కూర్చుండువారును ఉన్నారు. మనవారి కిరాణా కొట్లలో, మందుల షాపులలో, టిఫిను హోటళ్లలో గల్లా ప్రక్కన ధర్మపు డబ్బా లేనివి కొద్ది. వారికిని ఇందులో పనియున్నది.

మొదట మనమందరమెరిగిన పోలిక నొకదానిని చెప్పెదము. తిరుమల కొండపై హుండీలో కానుక వేసినవాడు రసీదు నడుగడు. అక్కడనే, 1985లో ఆరంభమై నేటికిని సాగుచున్న నిత్యాన్నదానమునకు దేవస్థానమువారి అన్నప్రసాదం ట్రస్టుకు విరాళము పంపువాడు తన పేరును, పాన్ సంఖ్యను తెలిపి పంపును; అతనికి రసీదు వచ్చును, ఆదాయపు పన్నులో మినహాయింపును కలదు. హుండీ కానుకకు లేదు. భక్తి రెండింటను ఒక్కటే. కాని చట్టమునకు కనబడునది కాగితము. ఇక దర్శనపు టిక్కెట్టునకు ఇచ్చిన మూడువందల రూపాయలు దానమే కావు; దానికి బదులుగా మనము దర్శన సౌకర్యము పొందితిమి. గల్లా వద్ద మనమిచ్చు చిల్లర ఈ మూడింటిలో హుండీ కానుకకు దగ్గర చుట్టము. ఈ పోలికను మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఇప్పుడు దుకాణదారుని వైపు చూతము. బేరములో ధర్మమునకు కొంత తీయుట నిన్న మొన్న కంపెనీలు కనిపెట్టిన విద్య కాదు. మన తెలుగు దేశపు వర్తకులు బస్తాకింత, బండికింత యని "మగమ" తీసి గుడికో, సత్రమునకో, చలివేంద్రమునకో ఇచ్చుట పూర్వాచారము. ఉత్తరాదివారు దానినే "ధర్మాదా" యందురు. సరకు వెల ఒక వరుసలో, ధర్మాదా మరియొక వరుసలో బిల్లుపై వ్రాసి, కొనువాని వద్ద రెండును వసూలు చేసి, ధర్మపు సొమ్మును వేరు పద్దున జమకట్టుట వారి పద్ధతి. పన్ను అధికారులకు ఈ పద్దుపై కన్ను పడుట సహజమే గదా! "ఇది అమ్మకములో వచ్చిన సొమ్మే, కావున నీ ఆదాయమే, పన్ను కట్టు" మనిరి.

ఆ వివాదము ఉత్తర ప్రదేశములోని బిజ్లీ కాటన్ మిల్స్ అను నూలు కంపెనీ విషయమున సుప్రీంకోర్టు వరకును పోయినది. 1979 నాటి తీర్పుల సంపుటములలో అచ్చయిన ఆ తీర్పు నేటికిని ఈ విషయమునకు మూలస్తంభము. న్యాయస్థానము చెప్పిన దేమనగా: కొనువాడు ధర్మాదా పేర ఇచ్చిన సొమ్ము వర్తకుని చేతికి వచ్చిన క్షణమునుండియే ధర్మమునకు కట్టుబడి యున్నది. వర్తకుడు దానిని తన యిష్టము వచ్చినట్లు వాడుకొనుటకు వీలులేదు. అతడు కేవలము దాని ధర్మకర్త. కావున అది అతని వ్యాపారాదాయము కాదు. ఆదాయమే కానప్పుడు దానిపై పన్ను లేదు.

ఎక్సైజు సుంకపు విషయమున నడుమ భిన్నాభిప్రాయములు తలయెత్తినను, 2019లో డి. జె. మల్పాణి అను సంస్థకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు మరల అదే దారి పట్టినది. కొనువాడు తన యిష్టముతో ధర్మమునకిచ్చిన సొమ్ము సరకునకు ప్రతిఫలము కాదనియు, సరకు విలువలో దానిని కలిపి సుంకము కట్టరాదనియు తీర్మానించినది.

మీకు ముఖ్యమైనది ఈ తీర్పుల రెండవ ముఖము. ధర్మపు సొమ్ము వర్తకుని ఆదాయము కానప్పుడు, దానిని సంస్థకు అందజేసి "ఇది మా దానము, మాకు మినహాయింపు నిండు" అని యడుగుటకు అతనికి హక్కెక్కడిది? పొరుగింటివారు గుడిలో వేయుమని ఇచ్చిన కొబ్బరికాయను మనము కొట్టివచ్చినంత మాత్రమున మ్రొక్కు మనది కాదు గదా.

లెక్కలో చూపుట మేలు. వేయిమంది పదమూడేసి రూపాయలిచ్చిరనుకొనుడు. పదమూడువేలు పోగైనది. దుకాణమువారు దానిని వేరు పద్దులో నుంచి సంస్థకు పంపినచో, వారి ఆదాయమునకు ఒక్క పైసా చేరలేదు, ఒక్క పైసా తగ్గలేదు. పన్నులో మార్పు సున్న. అట్లు గాక, వారు దురాశతో దానిని తమ ఆదాయములో కలుపుకొని, పిమ్మట తమ దానముగా చూపిరనుకొందము. సామాన్య ధర్మసంస్థలకిచ్చిన దానములో సగమునకే మినహాయింపు. అనగా పదమూడువేల ఆదాయము చేరినది, ఆరువేల ఐదువందలు తగ్గినది. మిగిలిన ఆరువేల ఐదువందలపై వారు తమ జేబునుండి పన్ను కట్టవలెను! అంతేకాదు. 2019లో వచ్చిన ఇరువదిరెండు శాతపు తక్కువ పన్ను రేటును ఎన్నుకొన్న కంపెనీలకు దానములపై మినహాయింపు అసలే లేదు. కావున మన చిల్లరతో కంపెనీవాడు పన్ను తప్పించుకొనుననుట కూడికలు తీసివేతలు చేసి చూచినను నిలువని మాట.

సొమ్మును ఆదాయములో చూపక, దానములో మాత్రము చూపినచో? అది తప్పుడు లెక్క. తప్పుడు లెక్క వ్రాయదలచినవానికి మన పదమూడు రూపాయలే కావలయునా, వానికి వేరు దారులు వెయ్యియుండును.

అయినచో కంపెనీవారికి ఏ లాభమును లేదా? ఉన్నది. పేరున్నది. సంవత్సరాంతమున పెద్ద చెక్కు అట్ట పట్టుకొని దిగిన ఛాయాచిత్రమున మన ముఖములుండవు, వారి ముఖములుండును. సొమ్ము వసూలైన నాటికిని అందజేసిన నాటికిని నడుమ కొంతకాలము అది వారి చేతిలో నుండును. ఇవి చిన్న లాభములు, నేరములు కావు. కాని "మా సంస్థ ఇన్ని లక్షలు దానము చేసినది" అని ప్రకటించుకొన్నప్పుడు, అందులో కొనుగోలుదారులది యెంత, మీ సొంతము ఎంత యని అడుగుట మనకు తగును. 2013 నాటి కంపెనీల చట్టము, నిర్ణీత స్థాయి మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో రెండు శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెనని శాసించినది. ఆ రెండు శాతము వారి లాభమునుండి రావలసినది, మన గంపనుండి కాదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. పిల్లల క్లాస్‌మేట్ నోటుపుస్తకముల అట్టపై, నాలుగు పుస్తకములు అమ్ముడైనచో ఒక రూపాయి సేవాకార్యములకు ఇచ్చెదమని ఐ.టి.సి. కంపెనీవారు అచ్చొత్తించుట మీరు చూచియుందురు. అక్కడ మనము పుస్తకపు వెల మాత్రమే ఇచ్చితిమి. ఆ రూపాయి కంపెనీ తన వెలలోనుండి తీసి ఇచ్చునది, దానము కంపెనీది. గల్లా వద్ద వెలకు మించి మనమిచ్చినది మనది. అట్లే బిల్లు చివర "రౌండ్ ఆఫ్" అని ముప్పది పైసలో నలుబది పైసలో కనబడిన, అది ధర్మము కాదు; పావలా నాణెము 2011 జూను చివర చెల్లుబాటు తప్పినది మొదలు చిల్లర పైసలతో వేగలేక రూపాయికి సరిచేయు లెక్క మాత్రమే. చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టుట మాత్రము దానమును కాదు, లెక్కయును కాదు. దానికి పేరు మీరే పెట్టుడు.

ఇక గల్లాకు ఇవతలివారి సంగతి. దానము మనదేయని తేలినది. మరి మినహాయింపు మనకు రావలెను గదా? న్యాయముగా రావలసినదే. కాని త్రోవలో ఆటంకములున్నవి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో దానములకు మినహాయింపునిచ్చిన విభాగము 80జి. ఆ చట్టమునకు మారుగా 2025లో చేసిన కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయింపబడినది. అందు ఈ విషయము 133వ విభాగమునకు చేరినది. జనుల నోట పాత పేరే నిలిచియున్నది గనుక మేమును 80జి యనియే పిలిచెదము. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి, ముఖ్యమంత్రుల సహాయనిధుల వంటి వానికి ఇచ్చినది మొత్తము మినహాయింపబడును. ఆమోదము పొందిన సామాన్య ధర్మసంస్థలకిచ్చిన దానిలో సగము, అదియు ఆదాయములో పదవవంతు అను హద్దునకు లోబడి, మినహాయింపబడును. రెండువేలకు మించిన నగదు దానమునకు 2017 నుండి మినహాయింపు లేదు. చెక్కు ద్వారానో, బ్యాంకు ద్వారానో పోవలెను. వస్తువులకును లేదు. మన యిండ్లలో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము వేరొక కుండలో వేసి, నెల చివర అనాథాశ్రమమునకు పంపుట ఎంత పుణ్యమైనను, చట్టపు పుస్తకమున దానికి చోటు లేదు.

అసలు చిక్కు ధ్రువపత్రము వద్ద నున్నది. 2021–22 నుండి, దానము పుచ్చుకొన్న సంస్థ ప్రతి దాత పేరును, గుర్తింపు సంఖ్యను, మొత్తమును పన్ను శాఖకు నివేదించి, దాతకు 10బిఇ అను ధ్రువపత్రమును ఇయ్యవలెనని నియమము వచ్చినది. పూర్వమువలె ఉత్త రసీదు బిళ్ళ చాలదు. మనము వ్రాసిన అంకెయు, సంస్థవారు నివేదించిన అంకెయు శాఖవారి యంత్రములో ఒకదాని కొకటి సరిపోవలెను. గల్లా వద్ద మన పేరెవ్వరు వ్రాసికొనిరి? పాన్ సంఖ్య ఎవ్వరడిగిరి? వేయిమంది చిల్లర ఒక్క మొత్తమై దుకాణము పేర సంస్థకు చేరినప్పుడు, ఆ రాశిలో మన పదమూడును గుర్తించువారెవ్వరు? హుండీ పోలిక ఇక్కడనే సరిపోవుచున్నది.

పేరు తెలియని దానములను చట్టము సంస్థలవైపునుండియు అంత ప్రీతితో చూడదు. ధర్మసంస్థలు మితిమించి అజ్ఞాత దానములు పుచ్చుకొన్నచో, ఆ మించిన భాగముపై ముప్పది శాతము పన్ను వేయునట్లు 2006లో ఏర్పాటు చేసిరి. కేవలము మతసంబంధమైన సంస్థలకు దీనినుండి విడుదల కలదు. లేకున్నచో గుడి హుండీలన్నియు చిక్కులో పడెడివి. కావుననే చక్కగా నడచు సంస్థలు దాతల పేర్లు గోరుచున్నవి.

సరే, పేరిచ్చి, పాన్ ఇచ్చి, ధ్రువపత్రము సంపాదించితిమనుకొందము. మిగులునదెంత? వారమునకు ఐదు రూపాయలు వంతున ఏడాదికి రెండువందల అరువది. అందు సగము నూటముప్పది. ఇరువది శాతపు పన్ను, దానిపై నాలుగు శాతము సెస్సు కట్టువానికి కలిగిన ఆదా ఇరువదియేడు రూపాయలు. హోటలులో ఒక కాఫీ ఖరీదు! దీనికై గల్లా వద్ద వెనుకనున్నవారిని నిలువబెట్టి పాన్ సంఖ్య చెప్పుట అనవసరము. చిల్లర నీయదలచినవారు చిల్లరగనే ఇచ్చి మరచిపోవుట మంచిదని మా అభిప్రాయము.

కాని ఏడాదికి ఐదువేలో పదివేలో ధర్మమునకు తీయు కుటుంబములు మనలో చాలనున్నవి. వారు దానిని గల్లాల వద్దను, ఫోను తెరలపైనను తునుకలు తునుకలుగా పంచుటకంటె, ఒక్కసారి నేరుగా సంస్థకే బ్యాంకు ద్వారా పంపుట మేలు. ఐదువేలు పంపినవానికి, పైన చెప్పిన లెక్కనే, ఐదువందల ఇరువది రూపాయలు మిగులును. మన బెంగుళూరులోనే 2000లో పుట్టి బడిపిల్లలకు భోజనము పెట్టుచున్న అక్షయపాత్ర వంటి సంస్థలు గల్లాల ద్వారానే గాక నేరుగను విరాళములు స్వీకరించి ధ్రువపత్రము లిచ్చుచున్నవి. ఏ సంస్థకైనను పంపుటకు ముందు, దానికి 80జి ఆమోదమున్నదా, అది ఏ సంవత్సరము వరకు చెల్లునని అడిగి తెలిసికొనుడు. ఆమోదమునకు గడువుండును, ఒకసారి వచ్చినది చిరకాలము నిలుచునది కాదు.

ఇంకొక్క మాట. ఇదియంతయు పాత పన్ను పద్ధతిలో నున్నవారికే. 2023–24 నుండి కొత్త పద్ధతియే సహజముగా వర్తించును. పాతది కావలయునన్న మనమే కోరుకొనవలెను. కొత్త పద్ధతిలో రేట్లు తక్కువ, కాని 80జి మినహాయింపు లేదు. 2025–26 నుండి ఆ పద్ధతిలో పండ్రెండు లక్షల వరకు ఆదాయమున్న వారికి సామాన్యముగా పన్నే లేదు. పన్నే లేనివానికి మినహాయింపు దేనినుండి? బొమ్మసంద్ర ఫ్యాక్టరీలలో పనిచేయు మన యువకులలో అధికులు ఈ కోవకు చెందినవారే. వారు దానము చేయునప్పుడు పన్ను మాట తలపెట్టనవసరము లేదు.

అమెరికాలోనున్న పిల్లలు అక్కడ సంగతి వేరని చెప్పుదురు. మూలసూత్రము అక్కడను ఇదియే: గల్లా వద్ద ఇచ్చిన దానము కొనువానిది, దుకాణముది కాదు. అక్కడను ఇదే పుకారు బహుకాలముగా షికారు చేయుచున్నది. అయితే చిన్న దానమునకు అక్కడ దుకాణపు బిల్లు సాక్ష్యమగును. దానములను విడివిడిగా పద్దు వేసి చూపనివారికిని, 2026నుండి ఒంటరియైనచో వేయి డాలర్లు, దంపతులైనచో రెండువేల డాలర్ల వరకు నగదు దానములకు మినహాయింపునిచ్చు చట్టము 2025లో వచ్చినది. వారి సలహా వారి దేశమునకు సరియైనది. దానినిబట్టి హెబ్బగోడిలో బిల్లులు దాచవలదు.

పన్నుకంటె మాకు ఎక్కువ బాధ కలిగించునది వేరొకటి యున్నది. అడుగకయే తీసికొనుట. ఫోను తెరపై సరకులెంచుకొని డబ్బు కట్టబోవునప్పుడు, ధర్మమునకని ఒకటో రెండో రూపాయలు ముందుగనే చేర్చియుండును. వలదన్నచో మనమే వెదకి తీసివేయవలెను. బుక్‌మైషో వేదికలో సినిమా టిక్కెట్టునకు ఒక రూపాయి వంతున వారి బుక్‌ఎస్మైల్ సేవాకార్యమునకు చేరుచుండిన కాలమును మన యింటి కుఱ్ఱవాండ్రు ఎరుగుదురు. రూపాయి గొప్పది కాదు, అనుమతి గొప్పది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము వారు, వేదికలపై జనులను త్రోవ తప్పించు పదమూడు విధములైన మాయోపాయములను పేర్కొని నిషేధించుచు మార్గదర్శకములను ప్రకటించిరి. కొనువాని సమ్మతి లేక, చెల్లింపు సమయమున ధర్మవిరాళమును మొత్తములో చేర్చుట వానిలో నొకటియని స్పష్టముగా వ్రాసిరి. వలదన్నవానికి సిగ్గు కలుగునట్లు, "నాకు దయ లేదు" అన్న తీరు మాటలపై వ్రేలు పెట్టించుటయు ఆ పట్టికలో నున్నది. ఇట్టిది జరిగినచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

దుకాణములో మన అవ్వలు, అత్తలు పడు ఇబ్బందియు ఇట్టిదే. తెరపైన ఆంగ్లమున్నది, అమ్మాయి కన్నడములో గబగబ అడిగినది, వెనుక పదిమంది నిలిచియున్నారు. అవ్వ తల యూపినది ధర్మమునకా, సంచి కావలెననుటకా? బిల్లు చేతికి వచ్చిన పిదప చూచుకొన్న ప్రయోజనము లేదు. ఇంటివారు ఆమెకు ముందే చెప్పియుంచవలెను: వారడుగునది విరాళము, అది నీ యిష్టము, వలదన్న ఎవ్వరును ఏమియు అనరు. నలుబది యేండ్లుగా ఈ ఊరిలో బేరమాడి కూరగాయలు కొన్న అవ్వకు "వలదు" అనుట మనము నేర్పనవసరము లేదు. అది అడుగబడిన ప్రశ్నయని తెలిపిన చాలును.

చివరగా, గల్లా అవతలనున్న మన వర్తక సోదరులతో కొంచెము. మీ డబ్బాలో పడిన సొమ్ము మీది కాదని సుప్రీంకోర్టే చెప్పినది; అది మీకు రక్షణ, బంధనమును. ఆ రక్షణ కావలయునన్న పద్దు వేరుగ నుండవలెను. రోజువారీ అమ్మకపు చిట్టాలో ధర్మపు సొమ్మును కలిపివేసి, మూడేండ్ల పిమ్మట అధికారి యెదుట "ఇందులో ఇంత ధర్మము" అన్న నమ్మువారుండరు. బిల్లుపై తీయుచున్నచో వెల ఒక వరుసను, ధర్మము మరియొక వరుసను ఉండవలెను. ఏ సంస్థకో పేరుండవలెను. కొనువానిని అడిగియే వ్రాయవలెను. మీరును కొంత ఇయ్యదలచినచో సంతోషము. దానిని మీ సొంత ఖాతానుండి వేరుగా పంపుడు, మీ పేర వేరు ధ్రువపత్రము పుచ్చుకొనుడు. రెండింటిని ఒక్క చెక్కులో కలిపినచో, జనుల సొమ్మునకు మీరు మినహాయింపు కోరినట్లగును.

డబ్బా విషయమున మేము కోరునది స్వల్పము. తాళపు చెవి ఒకరి వద్ద, డబ్బా మరియొకరి వద్ద నుంచుడు. నెలకొక దినము నిర్ణయించి ఇద్దరు ఇరుగుపొరుగు కొట్లవారి యెదుట తెరచి లెక్కింపుడు. లెక్కను ధర్మపద్దులో వ్రాసి ఇద్దరిచేతను చేవ్రాలు చేయింపుడు. వారము లోపల బ్యాంకు ద్వారా సంస్థకు పంపుడు. సంస్థవారిచ్చిన రసీదు ప్రతిని డబ్బాకు ఎదురుగా గోడకు అంటింపుడు; కొనవచ్చినవారు చదువుకొందురు.

పన్ను లెక్క దాఖలు చేయు దినములు దగ్గర పడినప్పుడు పరుగెత్తుట మనవారి అలవాటు గనుక ఒక తేదీని చెప్పి విరమించెదము. 1961 చట్టపు నియమముల ప్రకారము సంస్థలు దాతలకు ధ్రువపత్రములు పంపుటకు మే 31 గడువు. చట్టము మారుటతో పత్రముల సంఖ్యలు మారవచ్చును గాన, సంఖ్య చెప్పక "దాన ధ్రువపత్రము" అని యడుగుడు. జూను మొదటి వారమునకు రానిచో సంస్థకు జాబు వ్రాయుడు. మీ పాన్ సంఖ్యలో ఒక అక్షరము తప్పుపడియుండవచ్చును, దానిని వారు సవరింపగలరు. ఈ సంవత్సరపు రసీదులు వెంట తెచ్చినవారుండిన ఈ బల్ల వద్దకు రండు, కలసి చూచెదము.